మగ్దలీనమ్మ దాటిన రోడ్డు

మార్కాపురం,
21 సెప్టెంబరు 2025, ఆదివారం.

చెల్లెమ్మ సరళకు,

నీ వయసుకు దీవెనలు, నీ చదువుకు నమస్కారాలు. రెండూ ఒకే మనిషికి చెప్పాల్సి రావడం నాకు నీ దగ్గరే జరిగింది. గిద్దలూరులో మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయని తలుస్తాను. ఇక్కడ మీ వదిన, పిల్లలు బాగున్నారు. పెద్దది ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. స్టూడియో నడుస్తోంది. నా సంగతి ఒక్కటే బాగా లేదు. దాని గురించే ఈ ఉత్తరం.

పది రోజుల కిందట నువ్వు పంపిన మెసేజి చూశాను. ఊళ్ళ మీద, రోడ్ల మీద, బస్సుల మీద తీసిన డాక్యుమెంటరీలు బెంగళూరులో మూడు రోజులు చూపిస్తారనీ, నీ మూడు సినిమాలూ వేస్తారనీ, ఆఖరి రోజు మన 'రోడ్డుకు అటువైపు' వేసి దాన్ని మగ్దలీనమ్మకు అంకితం ఇస్తాననీ రాశావు. నన్ను కూడా స్టేజీ మీదికి పిలుస్తానన్నావు. "టికెట్ నేనే తీస్తా, ఏ పెళ్ళీ ఒప్పుకోవద్దు మధన్నా" అన్నావు. నేను జవాబు ఇవ్వలేదు. తర్వాత నువ్వు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈ సంగతి నోటితో చెప్పలేను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో ఆపి ప్రశ్న వేయలేవు కదా, అందుకని కూర్చుని రాస్తున్నాను. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

ముందే అడిగేస్తాను. ఆ సినిమా అక్కడ వేయొద్దు సరళా. మిగతా రెండూ వెయ్యి. అది వద్దు.

నువ్వు నా స్టూడియోకు మొదటిసారి వచ్చింది 2022 జనవరిలో. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా నేను పెళ్ళిళ్ళు తీస్తున్నాను. మా పని ఎలా ఉంటుందో నీకు తెలుసు. తలంబ్రాలు సరిగా పడకపోతే ఇంకోసారి పోయమంటాం. అప్పగింతల్లో పెళ్ళికూతురు మొహం అటు తిప్పుకుని ఏడిస్తే, ఇటు తిరిగి ఏడవమంటాం. ఇది విని నువ్వు కడుపు పట్టుకుని నవ్వావు. ఆ మధ్యాహ్నమే నా కౌంటరు మీద నీ లాప్‌టాప్ పెట్టి నీ మొదటి సినిమా చూపించావు. హైదరాబాదులో నీడ లేని ఒక బస్టాపు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ. కరెంటు స్తంభం నీడ సన్నగా నేల మీద పడి ఉంటే, ఆ నీడలో పన్నెండు మంది ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. నీడ జరిగే కొద్దీ వరస జరుగుతోంది. సినిమా అంతా అదే. మాట లేదు, పాట లేదు. రెండోది విజయవాడలో కొండ మీది ఇళ్ళకు నీళ్ళు మోసే మెట్ల గురించి. అవి చూశాక ఆ సాయంత్రం నేను ఇంటికి నడుచుకుంటూ పోతుంటే రోజూ చూసే వీధి కొత్తగా కనిపించింది. ఎవరు ఎక్కడ నిలబడుతున్నారు, ఎవరు ఎవరికి దారి ఇస్తున్నారు, ఏ గడప ముందు ఎవరు ఆగి మాట్లాడుకుంటున్నారు. నలభై నాలుగేళ్ళ వయసులో నాకు ఎవరో కళ్ళు తుడిచి పెట్టినట్టయింది. ఈ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఒక ఊరు తన మనుషుల్ని ఎలా చూసుకుంటుందో తెలియాలంటే వాళ్ళు రోడ్డు ఎలా దాటుతున్నారో చూడాలన్నావు. హైదరాబాదు లాంటి పెద్ద ఊళ్ళ గురించి అందరూ తీస్తారనీ, మన లాంటి చిన్న ఊళ్ళు ఇప్పుడిప్పుడే నగరాలు కావాలని తయారవుతున్నాయనీ, ఆ తయారవడంలో ఎవరు నలిగిపోతున్నారో తీయాలనీ అన్నావు. ఊరి చివర పలకల కాలనీ దగ్గర కొత్తగా వెడల్పు చేసిన రోడ్డు నీకు చూపించింది నేనే. కాలనీ ఇటు, పలకల ఫ్యాక్టరీలూ బడీ చర్చీ అటు. మధ్యలో నడుమెత్తు డివైడరు. దాటడానికి దారి ఇటు పెట్రోలు బంకు దగ్గర ఒకటి, అటు రైలు గేటు దగ్గర ఒకటి. నువ్వు అడుగులు లెక్కబెట్టావు. నేరుగా దాటితే నలభై. చుట్టూ తిరిగి పోతే పదకొండు వందలు. డివైడరు లేనప్పుడు కాలనీ ఆడవాళ్ళు పొయ్యి మీద కూర పెట్టి, అటు పోయి చింతపండు తెచ్చుకునేవాళ్ళని నీతో చెప్పింది ఎవరో గుర్తులేదు. నువ్వు దాన్ని నోట్‌బుక్కులో రాసుకున్నావు.

పని మొదలుపెట్టిన రోజే నాకు ఒక షరతు పెట్టావు. "మన సినిమాలో ఎవర్నీ ఇంకోసారి చెయ్యమని అడగకూడదన్నా. దొరికితే దొరికింది, పోతే పోయింది. వాళ్ళ బతుకు వాళ్ళు బతుకుతాంటే మనం పక్కన నిలబడి చూసేవాళ్ళం, అంతే." సరేనన్నాను.

మూడు వారాలు తీశాం. బడి పిల్లలు పుస్తకాల సంచులు ముందు విసిరి తర్వాత గోడ దూకడం, కుర్రవాళ్ళు చేయి ఆనించకుండానే ఎగిరి దాటడం, అంతా వచ్చింది. నీకు తృప్తిగా లేదు. చూసేవాళ్ళకు ఇదంతా ఆటలాగా కనిపిస్తుందన్నావు. అంతలో కాలేజీ పని మీద నువ్వు నాలుగు రోజులు హైదరాబాదు పోవాల్సి వచ్చింది. పోతూ, "వయసైనవాళ్ళు ఎవరన్నా ఎక్కి దాటుతున్నారేమో చూడన్నా. కనపడితే తియ్యి, లేకపోతే వదిలెయ్యి" అని చెప్పి బస్సెక్కావు.

నువ్వు తిరిగి వచ్చేసరికి నా దగ్గర మగ్దలీనమ్మ ఉంది.

ఆ షాట్ ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. ఆమె టిఫిన్ క్యారేజీని ముందు గోడ మీద పెడుతుంది. రెండు చేతులూ ఆనిస్తుంది. ఒక మోకాలు పైకి ఎక్కించి, అలాగే ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఎక్కి గోడ మీద కూర్చుని, కొంగు సర్దుకుని, ఎటో చూసి నవ్వుతుంది. వెనక లారీలు పోతూ ఉంటాయి. తర్వాత మెల్లగా అటువైపు జారి దిగుతుంది. నువ్వు మూడుసార్లు చూశావు. నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదే మన సినిమా అన్నా" అన్నావు. పద్దెనిమిదేళ్ళలో వేల గంటలు తీశాను, నా పనిని చూసి కంటతడి పెట్టిన మనిషి అంతవరకు లేదు.

అక్కడి నుంచి సినిమా అంతా ఆమె చుట్టూ తిరిగింది. ఆమెకు అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. పలకలకు చట్రాలు బిగించే పని. భర్త ఆదెయ్య పలకలు కోసి కోసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి చనిపోయాడు. ఆమెకూ ఆయాసమే. ఉన్నది ఒక్క కూతురు ఎలీషబా. ఆ పిల్ల పెళ్ళి తీసింది నేనే, అందుకే మగ్దలీనమ్మ నన్ను ఇంట్లో మనిషిలాగా చూసేది. నువ్వు వాళ్ళ ఇంట్లో రెండు నెలలు తిరిగావు, అన్నం తిన్నావు, ఆదివారం చర్చిలో ఆమె పక్కన కూర్చున్నావు. నీ కెమెరా ముందు ఆమె, "రోజూ ఎక్కుతానమ్మా. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. ఇంకేం జేచ్చాం మరి" అంది. నువ్వు దాన్ని సినిమా మొదట్లోనే పెట్టావు.

జూన్‌లో చర్చి ఆవరణలో తెల్ల గుడ్డ కట్టి చూపించిన సాయంత్రం నీకూ గుర్తుండే ఉంటుంది. గుడ్డ మీద తన మొహం కనబడగానే ఆమె కొంగులో తల దాచుకుంది. కాలనీ అంతా ఈలలు. మనం పిలిస్తే వచ్చిన రోడ్ల ఇంజనీరు గారు మంచి మనిషే. చివరిదాకా కూర్చుని చూసి, "రెండు నెలల్లో ఇక్కడ దారి వదిలిస్తానమ్మా" అని ఆమె చేతులు పట్టుకుని చెప్పారు. మర్నాడే మనుషుల్ని పంపి డివైడరు మీద ఎర్ర రంగుతో రెండు గీతలు గీయించారు. నెల తిరక్కుండా ఆయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన కాగితాలు చూసి చెబుతానన్నారు. ఎర్ర గీతలు ఎండకు వెలిసిపోయాయి.

ఆ ఏడే నవంబరు పదిహేడు, గురువారం, సాయంత్రం ఆరు. పని ముగించుకుని ఆమె ఇటువైపు వస్తోంది. డివైడరు ఎక్కి కాలనీ వైపు దిగింది. గ్రానైట్ బండలు వేసుకుని పోతున్న లారీ వచ్చింది. నేను తర్లుపాడులో ఒక నిశ్చితార్థంలో ఉన్నాను. ఫోన్ రాగానే కెమెరా అక్కడే వదిలేసి వచ్చాను. నేను వచ్చేసరికి ఆమె మీద ఎవరో ఫ్యాక్టరీ గోనెపట్ట కప్పారు. ఎలీషబా రోడ్డు మీద కూర్చుని, టిఫిన్ క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటోంది. సొట్టలు పడిపోయాయి, అవి పట్టడం లేదు. ఆ పిల్ల పేరుస్తూనే ఉంది.

నువ్వు మూడో రోజు వచ్చావు. షామియానా కింద ఎలీషబా చేయి పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నావు. పోయేటప్పుడు నన్ను అడిగావు, "సినిమా తీసి మనం చేసిందేందన్నా?" అని. ఆ తర్వాత నువ్వు ఇంకో సినిమా తీయలేదని మీ అమ్మగారు ఒకసారి బస్టాండులో కనిపించి చెప్పారు. దారి వదిలేదాకా పోరాడి ఉంటే ఆమె బతికేదని నువ్వు బాధపడుతున్నావని కూడా చెప్పారు.

ఇకమీద రాసేది నీకు తెలియదు. తెలియకుండా దాచింది నేను.

లారీ డ్రైవరు మీద కేసు నడిచింది. లారీ వేగంగా వచ్చిందనీ, హారన్ కొట్టలేదనీ టైర్ల షాపు అంకయ్య సాక్ష్యం చెప్పాడు. కేసు నిలబడుతుందని ఎలీషబా వకీలు ధైర్యం చెప్పేవాడు. అంతలో డ్రైవరు తరఫు వకీలుకు మన సినిమా దొరికింది. యూట్యూబులో ఉంది కదా. తీసిందెవరో చూసి ముందు నాకు ఫోన్ చేశారు. మిమ్మల్ని కాదు, దర్శకురాలిని పిలుస్తామని మొదట అన్నారు. ఆమె దూరాన ఉంది, షూట్ చేసింది నేనే, నేనే వస్తానని చెప్పి, సమన్లు నా పేరుకే తెప్పించుకుని, నీ దాకా రానీయలేదు. నీ మీది అభిమానంతో చేశానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

మొన్న ఏప్రిల్‌లో పిలిచారు. కోర్టులో లాప్‌టాప్ పెట్టి సినిమా వేశారు. ఎలీషబా వెనక బల్ల మీద కూర్చుని ఉంది. వాళ్ళమ్మ గోడ ఎక్కడం, నవ్వడం, "రోజూ ఎక్కుతానమ్మా" అనడం ఆ గదిలో అందరూ చూశారు, విన్నారు. పక్క కేసు వాళ్ళు కూడా మెడలు చాచి చూశారు. తర్వాత వకీలు నన్ను అడిగాడు.

"ఇది మీరు తీసిందేనా?"

"అవునండి."

"మీరు చెప్పి ఎక్కించారా, ఆమె మామూలుగా పోతుంటే తీశారా?"

"మామూలుగా పోతుంటేనే తీశానండి."

"అంటే ఇది ఆమెకు అలవాటే?"

"అవునండి."

అంతే. పది నిమిషాలు కూడా పట్టలేదు. బయటికి వచ్చి చెట్టు కింద నిలబడితే నా చొక్కా వీపు అంతా తడిసిపోయి ఉంది. జూలైలో తీర్పు వచ్చింది. ఆమె రోజూ దాటకూడని చోట దాటేదనీ, ఉన్నట్టుండి లారీకి అడ్డంగా దిగిందనీ, డ్రైవరు తప్పు రుజువు కాలేదనీ కేసు కొట్టేశారు. కోర్టు మెట్ల మీద ఎలీషబా నా పక్క నుంచే పోయింది. ఆ నెలలోనే భర్త పని చూసుకుని గిద్దలూరు వెళ్ళిపోయారు. కాలనీలో ఆ ఇంటికి తాళం.

రోడ్డు సంగతి కూడా రాస్తాను, నీకు కావాలి కాబట్టి. దారి వదల్లేదు. పోయిన సంవత్సరం డివైడరు మీద మనిషెత్తు ఇనప కంచె బిగించారు. ఇప్పుడు కుర్రవాళ్ళు కూడా ఎక్కలేరు. బడి పిల్లల్ని ఆటోల్లో కుక్కి రాంగ్‌రూట్లో బంకు దాకా తెస్తున్నారు. ముసలివాళ్ళు అటువైపు పోవడమే మానుకున్నారు. ఆదివారం చర్చి పాటలు మైకులో వినబడుతుంటే కాలనీ ఆడవాళ్ళు కొందరు గుమ్మాల్లో కూర్చుని ఇటు నుంచే పాడుకుంటున్నారు. నువ్వు వస్తే తీస్తావు. రావద్దు.

చెల్లెమ్మా, బెంగళూరులో చదువుకున్నవాళ్ళు ఆ సినిమా చూసి లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఇక్కడ అదే సినిమా ఒక తల్లి చావుకు ఆమెనే జవాబుదారీ చేసింది. రెండూ ఒకే సినిమా అని తెలిసి నేను ఆ స్టేజీ ఎక్కలేను. నువ్వు కూడా వేయకు. ఇంతకన్నా అడగను.

నీ మేలు కోరే అన్న,
మధుసూదన్

తా.క.

సెప్టెంబరు 23, మంగళవారం. ఉత్తరం కవరులో పెట్టాను కానీ అంటించలేకపోయాను. పైన రాసినవన్నీ జరిగినవే. కోర్టులో నేను చెప్పింది మాత్రం అబద్ధం.

మగ్దలీనమ్మ ఆ డివైడరు ఎప్పుడూ ఎక్కేది కాదు.

నువ్వు హైదరాబాదు పోయిన నాలుగు రోజులూ నేను పొద్దునా సాయంత్రం అక్కడే నిలబడ్డాను. వయసైనవాళ్ళు ఒక్కరూ ఎక్కలేదు. అందరూ బంకు దాకా తిరిగే పోతున్నారు. మగ్దలీనమ్మ కూడా. అంకయ్య టైర్ల షాపు ముందు ఒకసారి, కరెంటు ఆఫీసు గోడ దగ్గర ఒకసారి కూర్చుని ఆయాసం తీర్చుకుని పోయేది. నన్ను చూసి, "ఏంది నాయనా, పెండ్లిండ్లు లేవా ఏంది, ఉత్త రోడ్డును తీస్తన్నావు?" అని నవ్వేది. నాలుగో రోజు సాయంత్రం వచ్చేసరికి నా చేతిలో ఏమీ లేదు. మర్నాడు పొద్దున నువ్వు వస్తావు. నీ దగ్గర ఉత్త చేతులతో నిలబడాలంటే నాకు మనసొప్పలేదు. ఆమెను అడిగాను.

"నాతో యాడయితాది నాయనా? ఊపిరాడదు. నేను తిరిగే పోతా, నాకేం తొందర?" అంది.

"ఒక్కసారి పెద్దమ్మా. వయసు మనిషి ఎక్కేది చూస్తేనే పెద్దోళ్ళు దారి వదుల్తారు" అన్నాను.

నా మాట తీసేయలేక ఎక్కింది. మొదటిసారి మోకాలు ఆనలేదు, దిగిపోయింది. రెండోసారి సరిగ్గా ఎక్కింది, అడ్డంగా ఆటో వచ్చి ఆగింది. నేను ఇంకోసారి అన్నాను. నువ్వు వద్దన్న మాటే అన్నాను. మూడోసారి ఎక్కి కూర్చుని, నా వైపు చూసి, "ఇంక చాలా నాయనా?" అని నవ్వింది. ఆ మాట తీసేసి నీకు ఇచ్చాను. నువ్వు అక్కడ లారీల చప్పుడు పెట్టుకున్నావు.

దిగాక నేను ఇంకొకటి కూడా అడిగాను. "సరళ అడిగితే రోజూ ఎక్కుతానని చెప్పు పెద్దమ్మా" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. "అబద్ధం చెప్పమంటావా నాయనా?" అంది. నేను తల దించుకున్నాను. ఆమే నా బాధ తీర్చింది. "సర్లే, రేపట్నుంచి రోజూ ఎక్కుతాలే. అప్పుడు అబద్ధం గాదు గదా" అంది.

మర్నాటి నుంచి ఎక్కింది. నీతో చెప్పేనాటికి అది నిజమే అయింది. తొమ్మిది నెలలు ఎక్కింది. సినిమా చూపించాక ఒకసారి నేను, "అయిపోయింది కదా పెద్దమ్మా, ఇంక ఎక్కబాకు" అన్నాను. "అలవాటు పడిపోయినా నాయనా. అరగంట ముందు ఇంటికాడుంటన్నా, నీ పుణ్యమే" అంది. నేను గట్టిగా చెప్పలేదు. నిన్ను పిలిచి నిజం చెప్పి ఉంటే సినిమా పోయేది. అదొక్కటే కదా నేను చేసిన మంచి పని అని దాన్ని పట్టుకుని ఉండిపోయాను. కోర్టులో వకీలు అంత సూటిగా అడిగినప్పుడు కూడా, అవును నేనే ఎక్కించాను అనడానికి నోరు రాలేదు. అలా అంటే ఊళ్ళో నన్ను ఎవరు పెళ్ళికి పిలుస్తారు అని ఆ బోనులో నిలబడి ఆలోచించాను. రాయడానికి సిగ్గుగా ఉంది. మొదటి రెండు షాట్లూ, 'ఇంక చాలా' అన్న మాటా ఉన్న కెమెరా కార్డు, సమన్లు వచ్చిన రోజే తుడిచేశాను.

నిన్న గిద్దలూరు పోయి ఎలీషబాకు ఇదంతా చెప్పాను. వరండాలో జాకెట్లు కుడుతోంది. మిషను ఆపి, చివరిదాకా విని, "నాకు తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి తెలుసమ్మా?" అన్నాను.

"ఆ దినమే మాయమ్మ ఇంటికొచ్చి చెప్పింది. మధు మూడుసార్లు ఎక్కిచ్చినాడే, మోకాలు దోక్కపోయింది అని నవ్వుకుంటా పసుపు పెట్టుకునింది."

"మరి కోర్టులో చెప్పకపోతివేమ్మా?"

"నేను జెప్తే ఎవరు నమ్ముతారు? రోజూ ఎక్కుతానని మాయమ్మే జెప్తాంది గదా అందులో. నువ్వు జెప్తే నమ్ముతారు. నువ్వు బోను ఎక్కినప్పుడు, దేవుడు పంపిచ్చినాడు అనుకున్నా. నీ మొగమే చూస్తా కూర్చున్నా."

నేను ఆ పిల్ల కాళ్ళ దగ్గర, వరండా మెట్టు మీద కూర్చున్నాను. ఇప్పుడైనా వచ్చి చెబుతానన్నాను. ఏ ఆధారంతో చెబుతావని అడిగింది. కార్డు తుడిచేసిన సంగతి అప్పటికే చెప్పి ఉన్నాను. చూపించడానికి ఇంక ఏమీ లేదు. సరళతో చెప్పి ఆ సినిమా ఎక్కడా కనబడకుండా తీయించేస్తానన్నాను. అప్పుడు మాత్రం ఆ పిల్ల గొంతు మారింది.

"తీసేయమాకండి. మాయమ్మ నడిచేది, మాట్లాడేది అందులోనే ఉంది నాకు. యాడా లేదు. గోడ ఎక్కేకాడ కండ్లు మూసుకుంటా. మిగతాది చూస్తా."

అందుకని పైన నేను అడిగిన మాట ఇప్పుడు ఎలా అడగాలో తెలియడం లేదు. వేయమనలేను, వద్దనలేను. నిజం నీ చేతికి ఇచ్చాను, అది కూడా ఎవరికీ పనికిరాని కాలంలో ఇచ్చాను. నువ్వు చేసిన తప్పు ఒక్కటీ లేదు, అది మాత్రం నమ్ము.

ఎలీషబా కుట్టాల్సిన గుడ్డలు తీసుకుని లోపలికి పోయింది. నేను ఇంకా కాసేపు ఆ మెట్టు మీదే కూర్చున్నాను. లోపల మిషను మళ్ళీ మొదలైంది. గేటు దగ్గరికి వేసి, బస్టాండుకు నడిచి వచ్చాను.